ఫ్రంట్ డీరెయిలర్: కొనేముందు ఫ్రేము కొలవండి, స్క్రూల జోలికి ఆఖర్న వెళ్లండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు మూడు రింగులు, 48-38-28 పళ్లు, వెనక 8 గేర్లు, తిన్నటి హ్యాండిల్ బారు. పాత ఫ్రంట్ డీరెయిలర్, అంటే చైనుని ఒక ముందు రింగు నుంచి ఇంకోదానికి జరిపే పరికరం, దాని కేజ్ (చైను మధ్యలోంచి వెళ్లే రెండు రేకుల గూడు) వంగిపోయింది. కొత్తది వెతుకుతుంటే ఫ్రేముకి బిగించే పట్టీ సైజు కలిసిందని రోడ్డు సైకిళ్ల రకం, అదీ రెండు రింగులకు చేసింది, తెప్పించి పాతది ఉన్న చోటే బిగించారు. ఇప్పుడు చైను చిన్న రింగు నుంచి మధ్యదానికి ఎక్కనని మొరాయిస్తోంది, పెద్దదానికి ఎక్కినప్పుడు ఒక్కోసారి దాటిపోయి పెడల్ వైపు పడుతోంది, కిందికి దించితే లోపలికి జారి ఫ్రేముకూ రింగుకూ మధ్య ఇరుక్కుంటోంది. మూడు రోజులుగా కేజ్ ఎంత దూరం కదలాలో ఆపే రెండు స్క్రూలూ తిప్పుతూనే ఉన్నానన్నారు, హెచ్ స్క్రూ (బయటి వైపు ఆపేది) అయితే దాదాపు పూర్తిగా విప్పేశానన్నారు.

సూటిగా చెప్తాను, ఇక ఆ స్క్రూలు తిప్పకండి. మీ చేతిలో ఉన్న డీరెయిలర్ మీ సైకిల్‌కి పనికిరాదు, ఎంత తిప్పినా దారికి రాదు. ఇంకో మాట, సరైనది తెచ్చినా పాతది ఉన్న ఎత్తులోనే కళ్లు మూసుకుని బిగిస్తే మళ్లీ ఇదే గొడవ వస్తుంది. ముందు ఫ్రేమునూ రింగులనూ కొలిచి దానికి తగ్గది కొనాలి, తర్వాత ఎత్తు, ఆ తర్వాత కోణం, వీటి తర్వాతే స్క్రూలూ వైరూ. నేను చూసిన సైకిళ్లలో చాలామంది ఈ వరసను తిరగేసి చేస్తారు, స్క్రూడ్రైవరు చేతికి అందుతుంది కాబట్టి.

ఎందుకింత పట్టింపు అంటే, ముందు డీరెయిలర్ చేసే పని వెనకదాని కంటే కష్టమైనది. వెనక డీరెయిలర్ చైనుని కింది వైపు, వదులుగా ఉన్న చోట పక్కకి జరుపుతుంది. ముందుది పైవైపు, మనం తొక్కే బలమంతా మోస్తూ బిగుసుకుపోయి ఉన్న చైనుని పక్కకి నెట్టాలి. దాని దగ్గర ఉన్నవేమో రెండు రేకులు, ఒక స్ప్రింగు, ఒక వైరు. ఆ రేకు చైనుని తగలాల్సిన చోట, తగలాల్సిన కోణంలో తగిలితేనే చైను పక్క రింగు పళ్లమీదికి ఎక్కుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా అది నెట్టడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది.

సరే, ఎంపిక. మీ వంగిన పాత డీరెయిలర్ పారేయలేదు కదా? దాని కేజ్ లోపలి వైపో, కదిలే చేతుల మీదో, తుడిస్తే ఒక నంబరు కనిపిస్తుంది. షిమానో కంపెనీది అయితే ఎఫ్‌డీ అని మొదలై ఒక అక్షరం, కొన్ని అంకెలు ఉంటాయి. ఆ అక్షరం ఎం అయితే మౌంటెన్ వరస, ఆర్ అయితే రోడ్డు, టి అయితే ట్రెక్కింగ్, హైబ్రిడ్ సైకిళ్ల వరస. అదే నంబరు దొరికితే ఇంకేమీ ఆలోచించకుండా అదే తెచ్చుకోండి. దొరకలేదంటే మాత్రం కింద చెప్పేవన్నీ ఒక్కొక్కటిగా కలవాలి, వాటిలో పట్టీ సైజు ఒకటి మాత్రమే. మీరు ఆ ఒక్కటీ చూసి ఆగిపోయారు.

సీటు కింది పైపుని డీరెయిలర్ పట్టీ కూర్చునే చోటే కొలవాలి, పైనా కిందా పైపు మందం మారే ఫ్రేములు చాలా ఉన్నాయి. వెర్నియర్ కాలిపర్ ఉంటే సరే సరి. లేకపోతే సన్నటి కాగితం ముక్కని పైపు చుట్టూ బిగుతుగా చుట్టి, రెండు అంచులూ కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, విప్పి స్కేలు మీద పరచండి. చుట్టుకొలత దాదాపు 90 మి.మీ. వస్తే పట్టీ 28.6, 100 వస్తే 31.8, 110 వస్తే 34.9 మి.మీ. వాడుకలో ఉన్న పట్టీ సైజులు దాదాపుగా ఈ మూడే, వాటి చుట్టుకొలతలు పది పది మిల్లీమీటర్ల తేడాతో రావడం మన అదృష్టం, కాగితంతో కొలిచినా పొరపాటు పడే వీలుండదు. 34.9 పట్టీని సన్నటి పైపుకి వాడుకోవడానికి లోపల పెట్టే షిమ్ ముక్కలు కొన్ని డీరెయిలర్లతోనే వస్తాయి, అవి పెట్టి వాడటంలో తప్పేమీ లేదు. కానీ పెద్ద పైపు మీద చిన్న పట్టీని వంచి సాగదీసి ఎక్కించాలని చూడకండి, అల్యూమినియం పట్టీ విరుగుతుంది, కార్బన్ ఫ్రేము అయితే నలుగుతుంది.

కొన్ని ఫ్రేములకు పట్టీతో పనే ఉండదు. పైపుకి ముందే అతికించిన చిన్న చెవి లాంటిది ఉంటే దాన్ని బ్రేజ్ ఆన్ అంటారు, రోడ్డు సైకిళ్లలో ఎక్కువ. ఫ్రేములోకి నేరుగా బోల్టులతో కూర్చునేది డైరెక్ట్ మౌంట్, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే గూడు) దగ్గర పలకతో నిలబడేది ఇ-టైప్ (E-type). ఒకదాని బదులు ఇంకోటి పెట్టడం కుదరదు, ఒక్క మినహాయింపు ఉంది: బ్రేజ్ ఆన్ డీరెయిలర్‌ని గుండ్రటి పైపుకి పట్టించే అడాప్టరు పట్టీలు విడిగా దొరుకుతాయి. మీది పట్టీ రకమే కాబట్టి దీన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

వైరు ఎటు నుంచి వస్తోందో చూడండి. మీ సైకిల్‌లో వైరు బాటమ్ బ్రాకెట్ కింద నుంచి వచ్చి పైకి వెళ్తోందని రాశారు, అంటే మీకు కింది నుంచి లాగే రకం కావాలి. పైపు మీదుగా వచ్చి పైకి లాగేది ఇంకో రకం, రెండు వైపులకీ పనికొచ్చేవీ ఉన్నాయి, ముందు నుంచి లాగే కొత్త సైడ్ స్వింగ్ రకం కూడా ఉంది. పట్టీ కేజ్ కంటే పైన ఉండేదీ, కిందికి ఉండేదీ అని మళ్లీ రెండు రకాలు. ఇది అందరూ మరిచిపోతారు. ఫ్రేము మీద పాత పట్టీ వదిలిన గుర్తు ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి, కొత్త పట్టీ కూర్చోవాల్సిన చోట బాటిల్ స్టాండు బోల్టో, పైపు అతుకో అడ్డు వస్తే అంతే సంగతులు.

ఇప్పుడు మీ అసలు సమస్య దగ్గరికి వద్దాం. రెండు రింగుల డీరెయిలర్‌నీ మూడు రింగులదాన్నీ పక్కపక్కన పెట్టి లోపలి రేకు చూడండి. రెండు రింగులదానికి రెండు రేకులూ ఇంచుమించు ఒకే లోతులో ఉంటాయి. మూడు రింగులదానికి లోపలి రేకు బాగా కిందికి దిగి, వెడల్పుగా, మెట్లు మెట్లుగా వంపులు తిరిగి ఉంటుంది. అందంకోసం పెట్టిన వంపులు కావవి. చిన్న రింగు మీద ఉన్న చైను చాలా కింద ఉంటుంది, దాన్ని అందుకుని మధ్య రింగు మీదికి ఎత్తడానికి ఆ లోతు కావాలి. మీ కొత్తదాని లోపలి రేకు ఆ లోతుకి అందట్లేదు, చైను పైఅంచుని మాత్రం గీకుతోంది. చైను ఎక్కకపోవడానికి కారణం ఇదే, దీనికి ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు.

పళ్ల లెక్క కూడా చూడాలి. ప్రతి డీరెయిలర్‌కీ మూడు అంకెలుంటాయి: పెద్ద రింగుకి గరిష్ఠంగా ఎన్ని పళ్లు, పెద్దదానికీ చిన్నదానికీ మధ్య ఎంత తేడాని మోయగలదు, మూడు రింగులదైతే పెద్దదానికీ మధ్యదానికీ కనీసం ఎంత తేడా ఉండాలి. మీ సైకిల్‌కి పెద్దది 48, మొత్తం తేడా 20, పెద్దకీ మధ్యకీ తేడా 10. రోడ్డు రకం రెండు రింగులవి మామూలుగా 16 పళ్ల తేడా వరకే, 50-34 కి సరిపోయేలా చేస్తారు. మీరు దాని చేత 20 మోయించాలని చూస్తున్నారు, అందుకే చిన్న రింగు మీద ఉన్నప్పుడు చైను కేజ్ తోక అడుగున ఉండే అడ్డు ముక్కకి రాసుకుంటుంది. ఇంకోటి, మౌంటెన్ వరసలోది కొంటే సరిపోతుంది కదా అని 42 పళ్ల రింగుకి చేసింది తెచ్చుకోకండి. కేజ్ వంపు ఆ చిన్న రింగుకి తగ్గట్టు గుండ్రంగా ఉంటుంది, మీ 48 మీద పెడితే ఒక చోట పళ్లకి తాకుతుంది, ఇంకో చోట ఎడం ఎక్కువైపోతుంది. ట్రెక్కింగ్ వరసలో 48 పళ్లకి అని రాసి ఉన్న మూడు రింగులదే మీకు కావాల్సింది.

తర్వాత గేర్ లీవరు. ఒక్కో క్లిక్కుకి ఎంత వైరు లాగాలో రోడ్డు వరసకీ మౌంటెన్ వరసకీ లెక్క వేరు. తిన్నటి హ్యాండిల్ మీదుండే మీ మూడు క్లిక్కుల లీవరు మౌంటెన్, ట్రెక్కింగ్ డీరెయిలర్లకి తగ్గట్టు వైరు లాగుతుంది, దానికి రోడ్డుది తగిలిస్తే క్లిక్కు పడిన చోట రింగు ఉండదు. మీరు హెచ్ స్క్రూ విప్పేశారు కాబట్టి ఆపేది కూడా లేక పెద్ద రింగు దాటి పెడల్ వైపు పోతోంది. క్లిక్కులు లేని పాతకాలపు ఫ్రిక్షన్ లీవరు అయితే ఈ గొడవే లేదు, చెయ్యి ఎంత లాగితే అంత, ఏ డీరెయిలర్ అయినా మాట వింటుంది. ఇప్పటికీ దూర ప్రయాణాల సైకిళ్లకి దాన్నే ఇష్టపడేవాళ్లున్నారంటే ఒక కారణం ఇదే, నాకూ ఆ లీవర్లంటే చాలా ఇష్టం.

వెనక ఎన్ని గేర్లన్నది ముందు డీరెయిలర్‌కి అంత పెద్ద విషయం కాదు. గేర్లు పెరిగేకొద్దీ చైను సన్నబడుతుంది కాబట్టి కేజ్ సందు కూడా సన్నబడుతుంది, అంతే. 8కి చేసింది దొరక్కపోతే 9ది మామూలుగా పనిచేస్తుంది, 10, 11 దాకా మాత్రం వెళ్లకండి, రాపిడి మొదలవుతుంది.

చైన్ లైన్ అనే ఇంకో కొలత ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫ్రేము నడిమధ్య నుంచి రింగులు ఎంత దూరంలో ఉన్నాయన్నది. మూడు రింగులకైతే మధ్య రింగు పన్ను వరకు చూస్తాం. సీటు పైపు పక్క నుంచి మధ్య రింగు పన్ను మధ్యకు స్కేలుతో కొలిచి, దానికి పైపు మందంలో సగం కలపండి. పైపు 31.8 అయితే సగం ఇంచుమించు 16, స్కేలు మీద 34 వస్తే మొత్తం 50 మి.మీ. మౌంటెన్, ట్రెక్కింగ్ మూడు రింగుల క్రాంకులు (రింగులూ పెడల్ చేతులూ కలిసిన భాగం) ఎక్కువగా 47.5 లేదా 50, రోడ్డు రెండు రింగులవి 43.5 నుంచి 45 దగ్గర ఉంటాయి. డీరెయిలర్ కదలిక కూడా ఆ లెక్కకే కడతారు, తేడా ఎక్కువైతే లిమిట్ స్క్రూ (కేజ్‌ని ఆపే ఆ స్క్రూలే) చివరిదాకా తిప్పినా కేజ్ చేరాల్సిన చోటికి చేరదు.

చైన్‌స్టే కోణం అని కూడా రాస్తారు, 63-66 డిగ్రీలు, 66-69 డిగ్రీలు అని. సీటు పైపుకీ వెనక చక్రానికి వెళ్లే కింది పైపుకీ మధ్య కోణం అది. రెండు ఫొటోలు తీసి కొలిచేయొచ్చు. దాదాపుగా కలిస్తే చాలు.

ఇక బిగింపు. కొత్తది పెట్టకముందు క్రాంకుని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే బాటమ్ బ్రాకెట్ అరిగిందనో, వదులైందనో అర్థం, దాన్ని సరిచేయకుండా డీరెయిలర్ సరిచేయడం జరగని పని. తర్వాత పెడల్‌ని వెనక్కి తిప్పుతూ పై నుంచి పెద్ద రింగుని చూడండి, సీటు పైపుకీ రింగుకీ మధ్య సందు ఒకేలా ఉంటోందా, దగ్గరవుతూ దూరమవుతూ ఉందా. మీ పాత కేజ్ వంగిందంటే ఏదో గట్టిగా తగిలి ఉంటుంది, రింగు కూడా వంగి ఉండే అవకాశం ఉంది, ఇది తప్పకుండా చూడండి.

చైను తీయాలా వద్దా అంటే, కొన్ని డీరెయిలర్లకి కేజ్ తోక దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, అది విప్పి రేకుల్ని కాస్త ఎడం చేసి చైనుని లోపలికి పంపొచ్చు. రివిట్ కొట్టినవైతే చైన్ లింకు తీయాల్సిందే.

ఇప్పుడు ఎత్తు. వైరు ఇంకా తగిలించకండి. పట్టీని పైపు మీద వదులుగా పెట్టి, కేజ్‌ని చేత్తో బయటికి లాగి పెద్ద రింగు పళ్ల మీదికి తెండి. కేజ్ బయటి రేకు అడుగు అంచుకీ పెద్ద రింగు పన్ను కొసకీ మధ్య 1 నుంచి 3 మి.మీ. సందు ఉండాలి. దీన్ని కంటితో అంచనా వేయకండి. 2 మి.మీ. అలెన్ కీ ఆ సందులో పెట్టండి, అది సులువుగా దూరాలి, 3 మి.మీ. కీ పెడితే కాస్త పట్టేసినట్టుండాలి. క్రాంకుని ఒక పూర్తి చుట్టు తిప్పుతూ చూడండి, ఎందుకంటే చైను ఎక్కడానికి వీలుగా పెద్ద రింగు పళ్లలో కొన్నిటిని పొట్టిగా చేస్తారు, కొలవాల్సింది పొడుగు పన్ను దగ్గర. క్రాంకు తిప్పేటప్పుడు వేళ్లు కేజ్ దగ్గర ఉంచకండి, ఆ పళ్ల మధ్య వేలు పడితే ఎముక దాకా దిగుతుంది. కొత్త డీరెయిలర్లలో కొన్నిటికి కేజ్‌ని సరైన చోట నిలబెట్టే ప్లాస్టిక్ ముక్క తగిలించి పంపుతారు, దాన్ని ముందే పీకేయకండి, పట్టీ బిగించాకే తీయాలి.

ఈ ఎత్తు గురించి నేనింత చెప్పడానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట సామాన్లు కట్టుకుని ఒక పొడవాటి ఎత్తు ఎక్కుతూ, చిన్న రింగుకి దించగానే చైను లోపలికి జారి బాటమ్ బ్రాకెట్ గూడు మీద పడింది. నేను ఇంకా తొక్కుతూనే ఉన్నాను, అర చుట్టులో అది రింగుకీ ఫ్రేముకీ మధ్య దిగబడి, రంగు చెక్కేసి, ఇనుములోకి గాటు పెట్టేసింది. చేతులతో లాగితే రాలేదు, క్రాంకు బోల్టు విప్పాల్సొచ్చింది. అంతకు వారం ముందే ఒక దుకాణంలో ఇదే సమస్యకి ఎల్ స్క్రూ (కేజ్‌ని లోపలి వైపు ఆపేది) బిగించి ఇచ్చారు. రోడ్డు పక్కన కూర్చుని ఆ సందులో అలెన్ కీలు ఒక్కొక్కటీ పెట్టి చూశాను, 3 దూరింది, 4 దూరింది, 5 కూడా దూరిపోయింది. కేజ్ అంత ఎత్తులో ఉంటే చైనుకి దిగేటప్పుడు దారి చూపించేది ఏమీ ఉండదు, వదిలేసినట్టు పడిపోతుంది. స్క్రూ ఎంత బిగించినా ఆ ఎత్తు తగ్గదు కదా. పట్టీ విప్పి మూడు మిల్లీమీటర్లు దించాను, ఆ ప్రయాణమంతా మళ్లీ ఒక్కసారి కూడా పడలేదు. మీ డీరెయిలర్ కూడా పాతదాని గుర్తు దగ్గరే పెట్టారు కాబట్టి, చైను లోపలికి పడటానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు.

ఎక్కువ దించినా కష్టమే. కేజ్ పెద్ద రింగు పళ్లని కొట్టుకుంటుంది, లేదా చైను ఎక్కుతుండగా రింగుకీ రేకుకీ మధ్య నలిగి కేజ్‌ని వెనక్కి మెలిపెట్టేస్తుంది. పాత కేజ్‌లు వంగేది చాలావరకు ఇలాగే.

కోణం పై నుంచి చూడాలి, సీటు మీదుగా వంగి నేరుగా కిందికి. కేజ్ బయటి రేకు పెద్ద రింగుకి సమాంతరంగా ఉండాలి. తోక బయటికి తిరిగి ఉంటే చైను పెద్దదాని మీదికి బద్ధకంగా ఎక్కుతుంది, వెనక చిన్న పళ్ల చక్రం మీద ఉన్నప్పుడు ముందు భాగం చైనుకి రుద్దుతుంది. లోపలికి తిరిగి ఉంటే వెనక భాగం రుద్దుతుంది. ఒక సన్నటి రబ్బరు బ్యాండుతో పొడుగాటి స్పోకుని బయటి రేకుకి ఆనించి కట్టి చూడండి, చిన్న వంకర కూడా ఆ పొడవులో పెద్దదై కనిపిస్తుంది, నేను ఇప్పటికీ అలాగే చూస్తాను. పట్టీ బోల్టు బిగించేటప్పుడు డీరెయిలర్ కొద్దిగా తిరుగుతుంది, కాబట్టి ఒక చేత్తో కేజ్ పట్టుకుని బిగించి, మళ్లీ ఎత్తూ కోణమూ రెండూ చూసుకోండి. నాలుగుసార్లు విప్పి బిగించాల్సొచ్చినా విసుక్కోవద్దు, మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. బిగింపు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు చాలు, కార్బన్ ఫ్రేము అయితే పట్టీ మీదో ఫ్రేము మీదో రాసి ఉన్న అంకె దాటకూడదు.

ఇప్పుడు స్క్రూ. ముందు చిన్న రింగు, వెనక అన్నిటికంటే పెద్ద చక్రం మీద చైను పెట్టండి. వైరు లేదు కాబట్టి కేజ్ స్ప్రింగు బలానికి లోపలికి వచ్చి ఎల్ స్క్రూ మీద ఆగి ఉంటుంది. స్క్రూల పక్కన అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఒక్కోదాన్ని పావు చుట్టు తిప్పండి, ఏది తిప్పితే ఇప్పుడు కేజ్ కదిలిందో అదే ఎల్. లోపలి రేకుకీ చైనుకీ మధ్య అర మిల్లీమీటరు సందు ఉండేలా పెట్టండి, అంటే మామూలు కాగితాలు నాలుగైదు కలిపినంత మందం. తాకకూడదు, అంతకంటే దూరంగానూ ఉండకూడదు.

వైరు కొత్తది వేయండి, పాతది కొస చీలిపోయి ఉంటుంది. బయటి గొట్టం గేరుకి చేసినదే కావాలి, బ్రేకుది పనికిరాదు, లోపల స్ప్రింగులా చుట్టిన తీగ నొక్కుకుపోయి క్లిక్కు తింటుంది. బాటమ్ బ్రాకెట్ కింద వైరు జారే ప్లాస్టిక్ ముక్కలో మట్టి గడ్డకట్టి ఉంటే పాత టూత్ బ్రష్షుతో కడగండి, దించినప్పుడు చైను బద్ధకంగా దిగుతోందంటే దాని కారణం సగంసార్లు ఇక్కడే దొరుకుతుంది. లీవరుని ఆఖరి క్లిక్కుకి, చిన్న రింగు దగ్గరికి తెచ్చి, బారెల్ అడ్జస్టర్ (వైరు బిగుతు మార్చే చిన్న మర) మొత్తం లోపలికి తిప్పి ఒక చుట్టు బయటికి తీయండి. వైరుని డీరెయిలర్ బోల్టు కింద గాడిలోనే వెళ్లనిచ్చి, ప్లయర్‌తో బిగుతుగా లాగి బోల్టు బిగించండి. గాడికి అటు పక్క నుంచి పెడితే లాగే చెయ్యి పొడవు మారిపోతుంది, మీ పాతదాని మీద వైరు పడిన గుర్తు చూసుకోండి. తర్వాత ఫ్రేము మీదుగా వెళ్లే వైరుని చేత్తో గట్టిగా రెండు మూడుసార్లు నొక్కండి. గొట్టాలు తమ చోట్లో కూర్చుని వైరు వదులవుతుంది, మళ్లీ ఒకసారి లాగి బిగించండి. ఈ పని ఇప్పుడు చేయకపోతే మొదటి ప్రయాణంలో అదే వదులై టెన్షన్ పోతుంది.

పెద్ద రింగుకి ఎక్కించి, వెనక చిన్న చక్రానికి దించండి. బయటి రేకుకీ చైనుకీ మధ్య మళ్లీ ఆ అర మిల్లీమీటరే ఉండేలా హెచ్ స్క్రూ పెట్టండి. చైను పెద్దదాని మీదికి అసలు ఎక్కకపోతే హెచ్ విప్పే ముందు వైరు టెన్షన్ చూడండి, మీరు చేసిన పొరపాటు ఇక్కడే మొదలైంది అనుకుంటున్నాను. టెన్షన్ చాలక ఎక్కలేదు, మీరు అడ్డంకి తీసేశారు, తర్వాత ఏదో ఒక రోజు గట్టిగా నొక్కినప్పుడు దాటిపోయింది.

మూడు రింగుల సైకిల్‌కి ఆఖరి పరీక్ష మధ్యదాని మీదే. ముందు మధ్య రింగు, వెనక అన్నిటికంటే పెద్ద చక్రం. లోపలి రేకు చైనుకి తాకీ తాకనట్టు, అర మిల్లీమీటరు లోపు ఉండేదాకా బారెల్ అడ్జస్టర్ పావు చుట్టు చొప్పున తిప్పండి. బయటికి తిప్పితే టెన్షన్ పెరిగి కేజ్ బయటికి జరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. ఇది కుదిరితే మిగతా రెండూ వాటంతట అవే కుదురుతాయి.

స్టాండు మీద బాగుందని ఊరుకోకుండా తొక్కి చూడండి, తొక్కే బలం పడినప్పుడు ఫ్రేమూ క్రాంకూ కొంచెం ఒంగుతాయి. గేరు మార్చే ఆ క్షణం కాలు బలం తగ్గించండి, ఎంత బాగా బిగించిన డీరెయిలర్ అయినా పూర్తి బలంతో నిలబడి తొక్కుతుంటే ముందు గేరు నలుగుతూనే ఎక్కుతుంది. ఇంకోటి, పెద్ద రింగు మీద ఉండి వెనక కూడా పెద్ద చక్రం వేస్తే, లేదా చిన్నదాని మీద ఉండి వెనక చిన్నది వేస్తే, చైను అడ్డంగా సాగి కేజ్‌కి రుద్దుతుంది. అది డీరెయిలర్ తప్పు కాదు, ఆ రుద్దుడు పోగొట్టాలని స్క్రూలు కదిపి మొత్తం చెడగొట్టుకోవద్దు. లీవరులో ట్రిమ్ క్లిక్కు (కేజ్‌ని కొద్దిగా మాత్రమే జరిపేది) ఉంటే వాడుకోండి, లేకపోతే ఆ గేర్లు మానేయండి, అదే నిష్పత్తికి దగ్గరగా ఇంకో జత ఎలాగూ ఉంటుంది.

ఇంత తలనొప్పి ఎందుకు, ఒకే రింగుకి మారిపో అని మీకు చాలామంది చెప్పి ఉంటారు. 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్ఎక్స్1 గేర్ల సెట్టుతో వెనక 11 గేర్లు, ముందు ఒకే రింగు వచ్చాక కొండ సైకిళ్లలో ముందు డీరెయిలర్ దాదాపు కనుమరుగైంది, అక్కడ అది సరైన మార్పే. మీ 8 గేర్ల సైకిల్‌కి మాత్రం వద్దంటాను. 28 పళ్ల రింగు మీకు ఎత్తులెక్కడానికి ఇచ్చే గేరు, 48 దిగేటప్పుడూ చదునులోనూ ఇచ్చే గేరు, రెండూ ఒకే రింగుతో రావాలంటే వెనక చక్రాలు, లీవరు, వెనక డీరెయిలర్ అన్నీ మార్చాలి. ఒక్క సరైన ముందు డీరెయిలర్‌తో అయిపోయే పని అది.

కాబట్టి ఇప్పుడున్న రోడ్డు రకం విప్పి, తిరిగి ఇవ్వగలిగితే ఇచ్చేయండి. పైపుని కాగితంతో కొలవండి, మధ్య రింగు దూరం కొలవండి, వంగిన పాతదాన్ని కిరసనాయిలుతో తుడిచి దాని మీది నంబరు చూడండి. ఆ మూడూ ఇక్కడ రాస్తే, ఏ మోడల్ మీకు సరిపోతుందో నేను చెప్తాను. బిగించాక ఒక నాలుగైదు సార్లు తిరిగొచ్చేసరికి మధ్య రింగు మీద చిన్న రాపిడి వినిపిస్తుంది, కంగారుపడకండి, గొట్టాలు సర్దుకున్నాయని అర్థం. బారెల్‌ని పావు చుట్టు బయటికి తిప్పితే పోతుంది.